ఉప్పుగూడ హౌజులో జపాను ట్యాంకు

రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్లినవాళ్లు చార్మినారు చూసి వస్తారు. నేను దాని పక్కనుంచి రెండుసార్లు నడిచాను, రెండుసార్లూ తలెత్తి చూడలేదు. మొదటిసారి మల్లెపూల మూర దగ్గర పోట్లాడుతున్నాను. రెండోసారి నెత్తిమీద రేకుడబ్బా ఉంది. అందుచేత చార్మినారు ఎత్తెంత అని అడిగినవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. లెక్కలవాడినని పేరు పడ్డ మనిషికి ఇది నామర్దానే. కానీ ఆ మూడు రోజుల్లో నాకు జరిగిన నామర్దాల్లో ఇది మరీ చిన్నది.

వెళ్లవలసి వచ్చిన పని

నేను కలప అడితిలో లెక్క చూసేవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత వచ్చిన చదువంతా దుంగల దగ్గర వచ్చిందే. పొడవు, చుట్టుకొలత చెబితే ఎన్ని ఘనపుటడుగుల కలపో కాగితం లేకుండా చెబుతాను. ఆ ధీమాతోనే ఒక వారపత్రికలో పాఠకులు పంపే లెక్కలకు జవాబులు రాస్తున్నాను.

ఒక వారం హైదరాబాదు ఉప్పుగూడ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పెద్ద యుద్ధం రోజుల్లో జపానువాళ్లు నేలమీద నడిచి నీళ్లమీద తేలే యుద్ధ ట్యాంకు నమూనా ఒకటి చేశారని మా పేటలో ఒకాయన చెబుతుంటాడు, దాన్ని స్వయంగా కొలిచానంటాడు, పొడవు పద్దెనిమిది జానలు, వెడల్పు పదిన్నర, లోతు అయిదు, బరువు తొమ్మిదిన్నర టన్నులు, అది తేలుతుందా అని.

జాన అంటే తొమ్మిది అంగుళాలు. ఎక్కాల పుస్తకంలోనే ఉంది. ముందువైపు ఏటవాలుకూ, చక్రాల ఖాళీకీ పావు వంతు తీసేశాను. మిగిలిన పెట్టె నిండా మునిగినా ఎనిమిది టన్నుల పైచిలుకు నీటినే పక్కకు నెడుతుంది. మోయవలసింది తొమ్మిదిన్నర. "తేలదు" అని రాశాను. అక్కడితో కలం మూసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. "ఈ ట్యాంకు నీళ్లమీద కంటే కబుర్లమీద బాగా తేలుతుంది" అని ఒక వాక్యం చేర్చాను. అది నాకు ఎంత నచ్చిందంటే, ఆ వారం అడితికి వచ్చిన ప్రతివాడికీ చదివి వినిపించాను. టేకు కొనడానికి వచ్చినవాడు కూడా విని వెళ్లాల్సిందే.

నెల తిరగకుండా ఒక కార్డు వచ్చింది. అక్షరాలు పెద్దవి, వరసకు నాలుగు మాటలు.

"లెక్క రాసిన సారుకు దేవసహాయం దండాలు. ట్యాంకు కొలిచింది నేనే. మీ జవాబు కత్తిరించి ఇక్కడ చాయ్ హోటల్ గోడకు అంటించిండ్రు. నేను ఆ హోటల్‌కు పోవుడు బంద్ చేసిన. వచ్చే నెల రైల్వే కొలువు నుంచి రిటైరయితున్న. మీరొకసారి వచ్చి నేను చెప్పేది విని మళ్ల లెక్క చెయ్యుండ్రి. అప్పుడు గూడ తేలదంటే ఒప్పుకుంట. ఉండడానికి జాగ ఉన్నది."

నా లెక్కను మళ్లీ చెయ్యమని అడిగినవాడు అంతవరకూ లేడు. పాపం, పెద్దాయనకు నచ్చజెప్పి వద్దామని బయల్దేరాను. జేబులో ఎప్పుడూ ఉండే ఉక్కు టేపు ఉంది. మనసులో జాలి ఉంది. ఆ జాలిని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పత్తర్‌గట్టి

నయాపూల్ దాటి పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నడిచాను. ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్లొద్దని మా ఆవిడ చెప్పి పంపింది. రోడ్డు పక్కన మల్లెపూలు అమ్ముతున్న ఒకావిడ దగ్గర రెండు మూరలు కొన్నాను. మూర అర్ధరూపాయి. మావైపు కంటే చవకే. కానీ ఆవిడ మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి తెంపుతుంటే నాకు అనుమానం వచ్చింది. టేపు తీసి కొలిచాను. పదిహేనున్నర అంగుళాలు!

"మూరంటే పద్దెనిమిది అంగుళాలమ్మా."

"నా చెయ్యి గింతే ఉన్నది బాపూ! దేవుడిచ్చిన చెయ్యి, గుంజితే సాగుతదా? పొడుగు చేతులోళ్ల దగ్గర కొనుక్కో, పో."

"కొలత అంటే అందరికీ ఒకటే ఉండాలి కదండీ."

పక్కన గాజుల దుకాణం ముందు కూచున్న ముసలాయన నా టేపు చూసి అన్నాడు: "దర్జీ లెక్క కనవడుతున్నవు సాబ్. పూలకు షేర్వానీ కుట్టిస్తవా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మాత్రం చెయ్యి మారితే కొలత మారకూడదనే విషయం మీద మరో అయిదు నిమిషాలు మాట్లాడాను. ఆవిడ విసుగెత్తి ఇంకో రెండు వేళ్ల దండ తెంపి నా మీదికి విసిరింది. గెలిచాననుకున్నాను. చార్మినారు నా ఎడమవైపో కుడివైపో ఉండి ఉంటుంది.

ఉప్పుగూడ

దేవసహాయం గారి ఇల్లు స్టేషనుకు దగ్గర, పెంకుటిల్లు. ఆయనకు యాభై ఏడేళ్లు. ఆరడుగుల పైన రెండు అంగుళాలు. తలకు తెల్ల రుమాలు. గుమ్మం దగ్గరే నా పెట్టె, సంచీ రెండూ ఒక చేత్తో అందుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. నా చెయ్యి అందులోకి పోయి చాలాసేపు కనబడలేదు.

"వచ్చినవా తమ్మీ! మస్తు దూరం నుంచి వచ్చినవు. కూసో, కాళ్లు కడుక్కో."

మావైపు మొదటిసారి కలిసినవాణ్ణి "నువ్వు" అంటే తగువుకు వచ్చినట్టే. ఇక్కడ "నువ్వు" అంటూనే మంచం దులిపి దుప్పటి పరుస్తారు. ఆ మర్యాద అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది.

పూలు ఆయన భార్య మరియమ్మ గారికి ఇచ్చాను. ఆవిడ చేతిలోకి తీసుకుని మొహమాటంగా నవ్వింది. "మా చర్చి సంఘంల ఆడోళ్లు పూలు పెట్టుకోరు అన్నా. అయినా నువ్వు ఇంత దూరం తెస్తివి." గోడ అవతలి ఇంటామెను పిలిచి ఇచ్చేసింది. నేను అంగుళాలు లెక్కపెట్టి కొట్లాడి తెచ్చిన దండ, నేను మొహం చూడని మనిషి జడలోకి వెళ్లింది.

భోజనానికి జొన్నరొట్టె, తలకాయ కూర, పచ్చిపులుసు. అన్నం లేదా అని అడగడానికి సిగ్గుపడి మూడు రొట్టెలు తిన్నాను. రొట్టె పెద్దదిగా ఉందనిపించి టేపు తీసి కొలిచాను కూడా. పదకొండు అంగుళాలు. మరియమ్మ గారు భర్త వైపు చూసింది. ఆయన ఆ రొట్టెను అరచేతిలో పరుచుకుని తింటున్నాడు. రొట్టె అంచు వేళ్లు దాటి పెద్దగా బయటికి రాలేదు. ఇవన్నీ చూశాను. చూసి, రొట్టె గురించే ఆలోచించాను.

తిన్నాక ఆయన చెప్పాడు.

యుద్ధం ముగిసిన మరుసటేడు మన పటాలాలు కొన్నింటిని జపాను మీద కావలికి పంపారు. ఆయన అందులో ఫిట్టరు. ఒక రేవు ఊళ్లో జపానువాళ్ల యుద్ధ సామాను కోసి తుక్కు చేసే పని. ఒక షెడ్డులో ఆ ట్యాంకు దొరికింది. నీళ్లలో దిగేటప్పుడు ముందొకటి, వెనకొకటి తగిలించే రేకు దోనెలు విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. దాని కాగితాలన్నీ జపానువాళ్లే ముందుగా కాల్చేశారు. బరువు మాత్రం క్రేను పని కోసం పటాలం దొరగారు ఎవరినో అడిగి రాసుకున్నాడు.

"ఆడ మోరి అని ముసలి ఫిట్టరుండె. దాన్ని చేసినోళ్లల్ల ఆయనొకడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. ఇది నీళ్లల్ల పోతదా అని సైగ చేసిన. ఆయన తినే గిన్నె తీస్కపోయి నీళ్ల డ్రమ్ముల పెట్టి చూపించిండు. తన రొమ్ము మీద చెయ్యేస్కొని గిన్నె లోపలికి చూపించిండు. అంటే నేను లోపల కూసొని పోయిన అని."

"మీరు కొలిచిందెప్పుడు?"

"ఆ పొద్దే. తెల్లారి కోసుడు షురూ చెయ్యాలె. టేపు స్టోరుల ఉన్నది, స్టోరు బంద్. జానలతోటి కొలిచి సిగరెట్టు డబ్బా మీద రాసుకున్న. ఎందుకు కొలిచిన అంటే ఏం చెప్పాలె తమ్మీ. ఒక్కటే చేసిండ్రు దాన్ని. కోసినంక ఇగ లేదు గద."

"కోసింది ఎవరు?"

"నేనే. నాలుగు రోజులు గ్యాసు పెట్టి కోసిన. మోరి టోపీ తీసి పక్కన నిలవడ్డడు. నాలుగు రోజులూ."

తర్వాత ఆయన అసలు సంగతి అడిగాడు.

"అది తేలంగ నేను చూడలే. ముప్పై ఏండ్ల సంది తేలింది అని చెప్తున్న. ఆయన మాట నమ్మి చెప్తున్న. హోటల్ల నవ్వితె నవ్వనియ్యి, దానికి ఫికర్ లేదు. కానీ నువ్వు తేలదు అని రాసినవ్. అప్పటిసంది ఒక్కటే పరేశాన్. మోరి నాతోటి అబద్ధం చెప్పిండా?"

నేను లెక్క మళ్లీ చేశాను. ఆయన ఎదురుగా, మూడుసార్లు. మూడుసార్లూ ఎనిమిది టన్నుల పైచిలుకే వచ్చింది. దోనెల బరువుకు, అవి మోసేదానికి చెల్లు అనుకుని వాటిని వదిలేశాను. నోటితో చెప్పడానికి మనసొప్పక, "రేకుతో నమూనా చేయించి నీళ్లలో పెట్టి చూద్దామండీ" అన్నాను. చేదు మాట నేను చెప్పే బదులు నీళ్లు చెబుతాయి కదా అని నా ఎత్తు.

రేకుల దుకాణం

మర్నాడు బస్సెక్కి పత్తర్‌గట్టి వెనక సందులో ఖాదర్ భాయ్ అనే రేకు పనివాడి దగ్గరికి వెళ్లాం. జానకు ఒక అంగుళం చొప్పున పద్దెనిమిది అంగుళాల పొడవు, పదిన్నర వెడల్పు, అయిదు లోతు. ముందు ఏటవాలు, కింద రెండు పక్కలా చక్రాల ఖాళీలు.

"క్యా హై యే? పెట్టెనా, పడవనా?" అని అడిగాడు ఖాదర్ భాయ్.

"ట్యాంకు. యుద్ధానిది."

ఆయన సుత్తి కింద పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవరితోని జంగు, మియా?"

"నర్సింగరావుతోటి" అన్నాడు దేవసహాయం గారు. హోటలు గోడకు నా జవాబు అంటించినవాడు, అసలు ప్రశ్న పంపినవాడు ఆ నర్సింగరావే. నయాపూల్ కోర్టులో నకళ్లు రాసే గుమస్తా.

"అయితె రేకు మందంది వేస్త" అన్నాడు ఖాదర్ భాయ్.

పని అయ్యేలోపు పక్క హోటల్లో చాయ్ తాగాం. నలభై పైసలు. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాలట. నేను కప్పుతోనే తాగి నాలుక కాల్చుకున్నాను. డబ్బా తయారయ్యాక ప్రతి అంచూ టేపుతో మూడుసార్లు కొలిచాను. వెడల్పు సరిగ్గా పదిన్నర. నూలు వాసి తేడా లేదు. చేత్తో పట్టుకుందామంటే నా జానకు ఆ వెడల్పు అందలేదు. దేవసహాయం గారు అందుకోబోతే "మీరు పెద్దవారు, నేను మోస్తాను" అని నెత్తిన పెట్టుకున్నాను. చార్మినారు రెండోసారి తప్పింది అప్పుడే. ఆయనకు ఆ డబ్బా ఇచ్చి ఉంటే నా పరువు ఒక రోజు ముందే, ఎవరూ చూడకుండా, సందులోనే పోయి ఉండేది.

హౌజు దగ్గర

ఆదివారం. చర్చిలో ప్రార్థన అయ్యాక స్టేషను దగ్గర చాయ్ హోటలుకు నడిచాం. వెనక పెరట్లో గిన్నెలు కడిగే నీళ్ల కోసం సిమెంటు హౌజు ఉంది, నడుం లోతు. ఇరవై ముప్పై మంది చేరారు. పక్క కిరాణావాడు తూకం రాళ్లు ఎరువిచ్చాడు. తొమ్మిదిన్నర టన్నుల ట్యాంకు ఆ నమూనా అంత చిన్నదైతే బరువెంత ఉండాలో నేను ముందే లెక్క కట్టి ఉంచాను. డబ్బాతో కలిపి పదమూడు కిలోల పావు.

నర్సింగరావు ఇస్త్రీ చొక్కాలో కుర్చీ వేయించుకుని కూచున్నాడు. "ఇగ చూడుండ్రి, జపాను నుంచి డైరెక్టు వచ్చింది!"

ఒక్కొక్క రాయీ డబ్బాలో పెట్టాను. పది కిలోల దాకా తేలింది. పదకొండుకు నీరు అంచుకు వచ్చింది. పన్నెండో కిలో పెట్టానో లేదో, ఒక పక్కకు ఒరిగి బుడబుడమని అడుక్కు వెళ్లిపోయింది.

పెరడంతా గోల. నర్సింగరావు లేచి నిలబడ్డాడు. "మునిగింది! సాక్ష్యం రాసుకోండ్రి! దేవసహాయమన్నా, ఇగ ట్యాంకు ముచ్చట బంద్!"

నేను లెక్క గెలిచాను. ఇంత చేదైన గెలుపు నాకు ఎన్నడూ రాలేదు. దేవసహాయం గారు ముందుకొచ్చాడు. చొక్కా చేతులు మడిచి హౌజులోకి వంగాడు. రాళ్లు ఒక్కొక్కటే తీసి గట్టున పెట్టాడు. తర్వాత డబ్బాను పైకి తీశాడు. ఒక్క చేత్తో, అడ్డంగా. బొటనవేలు ఈ అంచుకు, చిటికెనవేలు ఆ అంచుకు ఆనించి, నీళ్లు కారుతున్న ట్యాంకును నా ముందు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ వెడల్పు పదిన్నర అంగుళాలు. దాన్ని మూడుసార్లు కొలిచినవాణ్ణి నేనే.

"దేవసహాయం గారూ! అలాగే ఉండండి. కదలకండి."

"ఏమైంది తమ్మీ?"

టేపు తీసి ఆయన జాన కొలిచాను. పదిన్నర. మళ్లీ కొలిచాను. పదిన్నర. ఎక్కాల పుస్తకంలోని తొమ్మిది అంగుళాల జాన పట్టుకుని ఈయన జపానుకు వెళ్లలేదు. ఈ చెయ్యి పట్టుకుని వెళ్లాడు. పత్తర్‌గట్టిలో పూలావిడకు నేను చెప్పిన పాఠమంతా ఒక్కసారి చెవుల్లో మోగింది. పొట్టి చెయ్యి దొరికితే టేపు తీశాను. పొడుగు చేతిలో నా చెయ్యి పెట్టి కూడా రొట్టెను కొలిచాను.

హౌజు గట్టు మీద సుద్దతో మళ్లీ లెక్క వేశాను. పొడవు, వెడల్పు, లోతు మూడూ పెరిగాయి. తొమ్మిది దగ్గర పదిన్నర చిన్న తేడాలా కనబడుతుంది గాని, మూడువైపులా కలిసేసరికి ట్యాంకు నేననుకున్నదానికి ఒకటిన్నర రెట్లకు పైనే. బరువు మాత్రం అదే తొమ్మిదిన్నర. అంటే మా చిన్న డబ్బాలో పెట్టాల్సింది పదమూడుంబావు కాదు. ఎనిమిది కిలోల మూడు వందల నలభై గ్రాములు.

"లెక్క మార్చి తేలేటట్టు చేస్తవా సారూ?" అన్నాడు నర్సింగరావు.

"ఇందాక తప్పు లెక్కతో ముంచానండీ. తప్పు ఆయన కొలతలో లేదు, నా పుస్తకంలో ఉంది. మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఎనిమిది అంగుళాలు. జనం నవ్వారు. ఎవరో వెనకనుంచి, "నర్సన్న జానతోటి కొలిస్తె ట్యాంకు గాదు, తోపుడు బండి!" అన్నారు. ఆ తర్వాత పెరట్లో ప్రతివాడూ చెయ్యి చాచాడు. పది అంగుళాలకు ఒక్కరూ రాలేదు.

ఎనిమిది కిలోల మూడు వందల నలభై సర్ది, డబ్బాను నీళ్లమీద వదిలాను. కొంచెం ఊగింది. కుదురుకుంది. అంచు ఇంకా అంగుళం పైనే ఉంది. ఎవరో నీళ్లు చేత్తో తోసి అలలు చేశారు. అయినా లోపలికి చుక్క పోలేదు. ట్యాంకు మెల్లగా హౌజు అవతలి గట్టు దాకా వెళ్లి ఆగింది.

నేను చప్పట్ల కోసం అటూ ఇటూ చూశాను. ఎవరూ కొట్టడం లేదు. అందరూ దేవసహాయం గారి వైపు చూస్తున్నారు. ఆయన తలకున్న తెల్ల రుమాలు తీసి చేత్తో పట్టుకుని, డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మోరి అబద్ధం చెప్పలే" అన్నాడు.

హోటలాయన గోడమీది కాగితం పీకబోయాడు. దేవసహాయం గారు ఆపాడు. "ఉండనియ్యి. సారుతోటే కింద రాయించు." నా జవాబు కింద, నా దస్తూరీతో, "జాన నాది కాదు, తప్పు నాది" అని రాసి సంతకం పెట్టాను. నర్సింగరావు చదివి, "సంతకం కింద కొలత గూడ రాయి సారూ" అన్నాడు. రాశాను. నా జాన ఎనిమిదిన్నర. ఇంతకాలం తొమ్మిది అనుకుంటున్నాను.

మళ్లీ పత్తర్‌గట్టి

తిరుగు ప్రయాణంలో బస్సు దిగి అదే పూలావిడ దగ్గర ఆగాను. నన్ను చూడగానే దండ దాచుకుంది.

"టేపు తెచ్చినవా బాపూ?"

"తెచ్చానమ్మా. జేబులోనే ఉంటుంది. నీ చెయ్యి ఎంత ఉంటే అంతే ఇవ్వు."

ఆవిడ నన్ను అనుమానంగా చూసి, రెండు మూరలు తెంపి, అడగకుండానే ఇంకో జానెడు కలిపింది. ఇంటికి వచ్చాక మా ఆవిడ వాడిపోయిన దండను తన చేతికి ఆనించి చూసి, "ఇది మూరలా? మిమ్మల్ని చూసి ఎవరో బాగానే ముంచారు" అంది. ముంచడం గురించి ఆ వారం నాకు మాట్లాడే హక్కు లేదు.

మొన్న ఉప్పుగూడ నుంచి కార్డు వచ్చింది. అవే పెద్ద అక్షరాలు.

"తమ్మీ, రిటైరయిన. దండ ఏసిండ్రు. అందరు ట్యాంకు ముచ్చట చెప్పమన్నరు, చెప్పిన. ముందు ట్యాంకు ముచ్చట ఇంతసేపు ఉండకపోతుండె. ఇప్పుడు నీది గూడ కలిపిన. రొట్టెను కొలిచింది, డబ్బా నెత్తిన పెట్టుకున్నది, మునిగినప్పుడు నీ మొఖం ఎట్లున్నదో చేసి చూపించిన. కడుపులు పట్టుకొని నవ్విండ్రు. నీ ముచ్చట అయిపోయినంక ట్యాంకు తేలింది అంటే ఎవ్వరు నవ్వలే."